కుక్క కన్ను వాస్తే నోరు చూడాలి



ఇంట్లో పెంచుకునే కుక్కకు పొద్దున లేచేసరికి ఒక కంటి చుట్టూ వాపు కనిపిస్తుంది. కన్ను ఎర్రబడి నీరు కారుతూ ఉంటుంది. ముక్కు వైపు మూల నుంచి ఒక పొర పైకి వచ్చి సగం కన్ను కప్పేస్తుంది. ఇంట్లోవాళ్ళు రాత్రి ఏ పురుగో కుట్టిందనుకుంటారు, ఏ పిల్లో గీరిందనుకుంటారు. మందుల షాపుకు వెళ్ళి కంటి చుక్కలు తెస్తారు. ఎవరికో కళ్ళకలక వచ్చినప్పుడు కొన్న సీసా మిగిలి ఉంటే అదే వేసేస్తారు. రెండు రోజులు గడిచినా వాపు తగ్గదు. ఈలోగా కుక్క తిండి మానేస్తుంది. ఆకలి లేక కాదు. గిన్నె దగ్గరికి ఆత్రంగానే వస్తుంది, వాసన చూస్తుంది, ఒక ముద్ద నోట పెట్టుకుని వదిలేస్తుంది. ఆవలించబోయి మధ్యలోనే కుయ్యోమంటుంది. తల నిమరబోతే పక్కకు తప్పుకుంటుంది.

కన్ను నొప్పి పెడితే తిండి ఎందుకు మానేయాలి? ఆవలిస్తే ఎందుకు అరవాలి? ఈ ప్రశ్న వేసుకుంటే చాలు, సగం దారి తెలిసినట్టే. పశువైద్యుడిగా ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్న మాట ఇదే. కుక్కకు కంటి చుట్టూ వాపు వస్తే ఆ జబ్బు కంటిదే కానక్కర్లేదు. దాని మూలం నోట్లో ఉండవచ్చు, పంటిలో ఉండవచ్చు, కంటి వెనకే ఉన్న ఒక లాలాజల గ్రంథిలో ఉండవచ్చు. కన్ను వాచిన కుక్కకు నోరు కూడా చూడాలి. ఆ చూడటం డాక్టరు పని, చూపించడం మన పని.

కంటికీ నోటికీ ఈ సంబంధం ఎలా వచ్చిందో ముందు చెబుతాను.

మనిషి కనుగుడ్డు చుట్టూ, కిందా పైనా పక్కలా ఎముకే ఉంటుంది. కుక్కకు అలా కాదు. పైన, లోపలి వైపున ఎముక ఉంది గానీ, బయటి వైపున కొంత భాగాన్ని గట్టి నారలాంటి బంధనం ఒకటి మూస్తుంది. కంటి అడుగున మెత్తని కండరం, కొంచెం కొవ్వు, ఒక లాలాజల గ్రంథి మాత్రమే ఉంటాయి. ఆ కిందనే నోరు. అంటే కుక్క కంటికీ నోటికీ మధ్య ఎముక గోడ లేదు. నోట్లో గుచ్చుకున్నది కంటి వెనక్కి చేరగలదు, కంటి వెనక పుట్టిన చీము నోట్లోకి దిగగలదు.

కుక్కకు పెద్ద లాలాజల గ్రంథులు నాలుగు జతలు. చెవి మొదట్లో ఉండేది పరోటిడ్. దవడ ఎముక మూలన, మెడ మొదలయ్యేచోట చేతికి గుండ్రంగా తగిలేది మాండిబ్యులర్. దాన్ని ఆనుకుని నాలుక అడుగు వరకూ సాగేది సబ్‌లింగ్వల్. నాలుగోది జైగోమాటిక్. చెంప ఎముక వంపు చాటున, కనుగుడ్డు కిందుగా దాగి ఉండే ఈ నాలుగో గ్రంథి మనుషులకు లేదు. దీని నాళం పైదవడ చివరి పన్ను దగ్గర నోట్లోకి తెరుచుకుంటుంది. మనకు లేనిది కాబట్టే మనకు దాని ఊహ రాదు. కుక్కకు కంటి వాపు అనగానే మన ఆలోచన కంటి దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఈ జైగోమాటిక్ గ్రంథి వాచిందనుకోండి. దానికి పెరిగే చోటు లేదు. ఒక పక్క చెంప ఎముక, ఇంకో పక్క కండరం, పైన కనుగుడ్డు. ఉన్నవాటిలో కదలగలిగేది కనుగుడ్డు ఒక్కటే. అందుకని అది ముందుకు తోసుకొస్తుంది, కొన్నిసార్లు ఒక వైపుకు తిరిగిపోతుంది. కనుగుడ్డు వెనక జాగా తగ్గగానే, కుక్కకు సహజంగా ఉండే మూడో రెప్ప పైకి పొడుచుకొస్తుంది. మీకు తెల్లగానో లేత గులాబీ రంగులోనో కనిపించే పొర అదే. అది పువ్వు కాదు, కొత్తగా మొలిచిన పొరా కాదు.

ఇక ఆవలింత సంగతి. కింది దవడ ఎముకకు వెనక భాగాన పైకి లేచిన ఒక కొమ్ము ఉంటుంది. కుక్క నోరు తెరిచిన ప్రతిసారీ ఆ కొమ్ము ముందుకు కదిలి కంటి వెనక జాగాను నొక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దానికి అది తెలియను కూడా తెలియదు. అక్కడ వాపో చీమో ఉన్నప్పుడు మాత్రం ప్రాణం పోయినంత నొప్పి. అందుకే ముద్ద వదిలేస్తుంది, ఆవలింత మధ్యలో ఆపుకుంటుంది. కన్ను ఉబ్బి ఉండటం, నోరు తెరిస్తే నొప్పి ఉండటం, ఈ రెండూ కలిసి కనిపిస్తే మా దృష్టి వెంటనే కంటి వెనక్కి వెళ్తుంది.

అక్కడ ముఖ్యంగా రెండు జబ్బులు పక్కపక్కన నిలబడతాయి. ఒకటి లాలాజల గ్రంథి వాపు. దీన్ని మేము సియలడినైటిస్ అంటాం. రెండోది కంటి వెనక చీముగడ్డ. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. జ్వరం, సొంగ, తిండి మానేయడం, ఉబ్బిన కన్ను, ఎర్రబడ్డ తెల్లగుడ్డు. ఒకటి రెండోదానికి దారి తీయవచ్చు కూడా. కారణాలు రకరకాలు. కర్ర పుల్ల నమిలినప్పుడు దాని ముక్క చిగురు వెనక గుచ్చుకుని లోపలే ఉండిపోవచ్చు. చేప ముల్లు, గడ్డి ముల్లు, దారంతో పాటు మింగబోయిన సూది, ఇవన్నీ ఆ దారిన పోగలవు. పుచ్చిన పంటి నుంచి క్రిములు పాకవచ్చు. ఎంత వెతికినా ఏ కారణమూ దొరకని సందర్భాలూ ఉంటాయి.

ఆసుపత్రిలో ఏం చేస్తామో చెబుతాను, మీకు ధైర్యంగా ఉంటుంది. ముందు కుక్క తలను పైనుంచి చూస్తాం. నుదుటి మీదుగా కిందికి చూస్తే రెండు కళ్ళలో ఏది ముందుకు వచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది. ఇది మీరూ ఇంట్లో చూడవచ్చు, కుక్కను ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. తర్వాత మూసిన రెప్పల మీదుగా రెండు కళ్ళనూ సుతారంగా నొక్కి చూస్తాం. మామూలు కన్ను కొంచెం లోపలికి వెళ్తుంది, వెనక వాపున్న కన్ను వెళ్ళదు. ఇది మాత్రం ఇంట్లో చేయకండి. కంటి పైపొర మీద పుండు ఉంటే ఆ ఒత్తిడికి నష్టం జరుగుతుంది.

ఆ పుండు ఉందో లేదో చూడటానికి ఫ్లోరెసిన్ అనే రంగు అద్దిన సన్నని కాగితపు పట్టీ వాడతాం. దాన్ని తడిపి కంటికి తాకిస్తే నారింజ రంగు కన్నంతా పరుచుకుంటుంది. కడిగేశాక నీలి వెలుతురులో చూస్తే పుండు ఉన్నచోట మాత్రం పచ్చగా మెరుస్తుంది. ఈ పరీక్షకు కాసేపు చాలు. కానీ దీని మీద ఎంత ఆధారపడి ఉందో వినండి. కంటి చుక్కల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. ఎర్రదనం తొందరగా తగ్గిస్తుంది కనుక అది మంచి మందు అనిపిస్తుంది. అదే మందును పుండు పడ్డ కంట్లో వేస్తే పుండు మానదు సరికదా, లోతుకు దిగి కంటికే చిల్లు పడే ప్రమాదం ఉంది. పరీక్ష చేయకుండా మిగిలిపోయిన చుక్కలు వేయవద్దని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

తర్వాత నోరు. నొప్పి ఎక్కువగా ఉన్న కుక్కకు మత్తు ఇచ్చి గానీ నోరు తెరవం. తెరిచాక వేలు పైదవడ చివరి పన్ను వెనక్కి పోనిస్తాం. అక్కడి చర్మం ఆరోగ్యంగా ఉంటే లేత గులాబీ రంగులో, సమంగా ఉంటుంది. జబ్బు ఉంటే ఎర్రగా కంది, ఉబ్బి, వేలికి మెత్తగా తగులుతుంది. అల్ట్రాసౌండ్ స్కాన్ ఉంటే అక్కడున్నది వాచిన గ్రంథా, చీమా, ఇరుక్కున్న పుల్లా అన్నది చాలావరకూ తేలుతుంది. సన్నని సూదితో కొంచెం ద్రవం తీసి మైక్రోస్కోపు కింద చూస్తాం. అవసరమైతే సీటీ స్కాన్. చీము తేలితే చివరి పన్ను వెనక చిన్న గాటు పెట్టి, మొండి కొన ఉన్న పరికరాన్ని మెల్లగా పైకి పోనిచ్చి దారి చేస్తాం. చీము నోట్లోకి దిగిపోతుంది. ఆ గాటుకు కుట్టు వేయం. మిగిలిన చీము కారిపోవాలి కాబట్టి దాన్ని తెరిచే ఉంచుతాం. గ్రంథి వాపే అయితే యాంటీబయాటిక్, వాపూ నొప్పీ తగ్గించే మందులతో ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి.

వైద్యం జరుగుతున్న రోజుల్లో కంటిని కాపాడుకోవడం మందులెంత ముఖ్యమో అంత ముఖ్యం. ఉబ్బిన కంటి మీద రెప్ప పూర్తిగా మూసుకోదు. రాత్రంతా కన్ను ఆరిపోతుంది. ఆరిన చోట పుండు పడుతుంది. డాక్టరు ఇచ్చిన తడి ఆయింట్‌మెంటు చెప్పినన్నిసార్లు, రాత్రి పూట కూడా లేచి వేయండి. వెనక జబ్బు నయమై ముందు కన్ను పోవడం కంటే బాధాకరం ఏముంటుంది? తిండి కూడా మెత్తగా ఉండాలి. బాగా ఉడికిన అన్నంలో ఎముక లేని కోడిమాంసం మెదిపి, జావలా చేసి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేయకండి, అవి కుక్క రక్తానికి చేటు.

శ్రోతలారా, కంటి కింద వచ్చే ప్రతి వాపూ ఈ గ్రంథిదే అనుకోవద్దు. మిగిలినవాటి గుర్తులు కూడా చెబుతాను.

కన్ను బాగానే ఉంది, ఉబ్బలేదు, కానీ కంటికి కాస్త కింద చెంప మీద గడ్డ లేచింది. నాలుగు రోజులకు పగిలి చీమూ నెత్తురూ కారింది. మందు వాడితే మానింది, మళ్ళీ నెలకో రెండు నెలలకో అదే చోట లేచింది. ఇది చాలావరకూ పంటి జబ్బు. పైదవడలో కుక్క ఎముక కొరకడానికి వాడే పెద్ద పన్ను ఒకటుంది. దానికి మూడు వేళ్ళు. ఆ వేళ్ళు సరిగ్గా కంటి కిందికి వస్తాయి. గట్టి ఎముక కొరికినప్పుడు ఆ పన్ను పక్క నుంచి పలకలా చిట్లుతుంది. చిట్లిన చోటు నుంచి క్రిములు వేరు దాకా దిగుతాయి, వేరు చివర చీము పడుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే వాపు అణుగుతుంది గానీ పన్ను అలాగే ఉంటే జబ్బూ అలాగే ఉంటుంది. పన్ను తీసేయాలి, లేదా దానికి రూట్ కెనాల్ చేయాలి. ఆదివారం మాంసం వండుకున్నాక మిగిలిన గట్టి నల్లి ఎముకలు, తెలంగాణలో బొక్కలంటారు, అవి కుక్కకు వేయడం మనకు ప్రేమే. కానీ ఆ ప్రేమ దాని పన్ను చిట్లగొడుతుంది. బొటనవేలి గోరుతో నొక్కితే లొంగనంత గట్టి వస్తువేదీ కుక్కకు నమలడానికి ఇవ్వవద్దు.

ఇంకొకటి. చిన్న వయసు కుక్కకు కంటి లోపలి మూలన ఎర్రని ఉండ బయటికి వస్తుంది. దీన్ని చెర్రీ ఐ అంటారు. బుల్‌డాగ్, బీగిల్, కాకర్ స్పానియల్ లాంటి జాతుల్లో ఎక్కువ. అది కణితి కాదు, మూడో రెప్ప అడుగున ఉండే కన్నీటి గ్రంథి తన చోటు తప్పి బయటపడటం. కంటిలోని తడిలో దాదాపు మూడో వంతు ఆ గ్రంథి నుంచే వస్తుంది. కోసి పారేస్తే అప్పటికి అందంగా ఉంటుంది, తర్వాత ఏళ్ళలో కన్ను ఎండిపోయే జబ్బు పట్టుకోవచ్చు. అందుకని దాన్ని కోయకుండా తిరిగి లోపల అమర్చి కుట్టే ఆపరేషనే అడగండి.

రెండు కణతలూ వాచి, రెండు కళ్ళూ ముందుకు వచ్చి, డాక్టరు మత్తు ఇచ్చినా దవడ తెరుచుకోకపోతే అది నమిలే కండరాల వాపు. కుక్క శరీరం తన కండరాలను తానే పరాయివనుకుని దాడి చేయడం వల్ల వస్తుంది. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి జాతుల్లో చూస్తాం. దీనికి స్టెరాయిడ్ మందే దిక్కు. డాక్టరు చెప్పినట్టు నెలల తరబడి వాడి మెల్లగా తగ్గించాలి. తిండి తింటోంది కదా అని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఆ తర్వాత కండరాలు ఎండి తల పీక్కుపోతుంది.

ముఖమంతా ఉన్నట్టుండి గంటలో వాచిపోతే తేనెటీగ, కందిరీగ కుట్టి ఉండవచ్చు. పొలం దగ్గర, పాత గోడల దగ్గర తిరిగే కుక్కకైతే పాము కాటు కూడా కావచ్చు. కుక్క ముందు ముక్కు పెట్టి చూస్తుంది కాబట్టి కాటు ముఖానికే పడుతుంది. ఒక నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కట్లు కట్టడం, కోసి నెత్తురు తీయడం పనికిరావు.

పగ్, షిట్‌జూ లాంటి చదునుముఖం కుక్కలు పోట్లాటలో దెబ్బ తిన్నప్పుడు కనుగుడ్డు రెప్పల ముందుకు జారి బయటికి వచ్చేస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది. చేత్తో లోపలికి తోయకండి. శుభ్రమైన బట్టను సెలైన్‌తో గానీ మంచినీళ్ళతో గానీ తడిపి కంటి మీద ఉంచండి, ఆరిపోకుండా తడుపుతూ ఉండండి, కాలితో గీరుకోకుండా పట్టుకుని బయలుదేరండి. ఎంత తొందరగా చేరితే కన్ను నిలిచే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు కంటి దగ్గర నుంచి గొంతు దగ్గరికి వద్దాం. దవడ కిందో గొంతు కిందో మెత్తని సంచి వేలాడుతుంది. నొక్కితే కుక్కకు నొప్పి లేదు, తిండి తింటోంది, ఆడుకుంటోంది. ఊళ్ళో గవదబిళ్ళ అంటారు, కొందరు కణితి అని బెంగపడతారు. ఇది ఎక్కువసార్లు లాలాజల సంచి. సబ్‌లింగ్వల్ గ్రంథి నుంచో దాని నాళం నుంచో లాలాజలం కారి చర్మం కింద నిలవ చేరుతుంది. సూది పెట్టి లాగితే సిరంజిలోకి చిక్కటి ద్రవం వస్తుంది. ఒక బొట్టు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని విడదీస్తే తీగపాకంలా సాగుతుంది. అది చూడగానే మాకు జబ్బు తెలిసిపోతుంది. కానీ సూదితో తీసేసినంత మాత్రాన పని అయిపోదు. గ్రంథి ఊరుతూనే ఉంటుంది, చిల్లు అలాగే ఉంటుంది, సంచి మళ్ళీ నిండుతుంది. పదే పదే సూదులు గుచ్చితే అక్కడ క్రిములు చేరి చీము పడుతుంది. కారుతున్న గ్రంథిని, దానికి అతుక్కుని ఉన్న మాండిబ్యులర్ గ్రంథితో కలిపి ఆపరేషన్ చేసి తీసేయడమే సరైన వైద్యం. గ్రంథి తీసేస్తే నోరు ఎండిపోదా అని అడుగుతారు. ఎండిపోదు. మిగిలిన గ్రంథులు ఆ పని చూసుకుంటాయి. ఇదే సంచి నాలుక కింద వస్తే కుక్క నాలుక పక్కకు తోసుకుని తింటుంది, నమిలేటప్పుడు నెత్తురు కారుతుంది. గొంతు లోపల వస్తే ఊపిరి ఆడక గురక పెడుతుంది. అది అత్యవసరం. మెడకు గొలుసు వేసి గట్టిగా గుంజడం, కర్రపుల్లలు విసిరి తెమ్మనడం కూడా ఈ గ్రంథులకు దెబ్బ తగిలే దారులే. మెడకు బదులు ఛాతీకి వేసే పట్టీ వాడితే మేలు.

లాలాజల గ్రంథులు వాచడానికి మన ప్రాంతంలో గుర్తుంచుకోవలసిన మరో కారణం ఒక పురుగు. స్పైరోసెర్కా అని దీని పేరు. వేడి దేశాల్లో ఎక్కువ. పేడపురుగును తిన్న కుక్కకు గానీ, ఆ పేడపురుగును తిన్న తొండనో కోడి పేగులనో పచ్చిగా తిన్న కుక్కకు గానీ ఇది సోకుతుంది. అన్నవాహిక గోడలో గడ్డలు కడుతుంది. అలాంటి కుక్కల్లో కొన్నింటికి లాలాజల గ్రంథులు వాచి నొప్పి పెడతాయి, సొంగ ఆగదు, తిన్నది తిన్నట్టు బయటికి వస్తుంది. చికెన్ షాపు వ్యర్థాలు పచ్చిగా వేసే అలవాటు మానుకోండి. గొంతు దగ్గర గ్రంథులు వాచిన కుక్క తిన్నది కక్కుతూ ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఈ గ్రంథుల గురించి సైన్సుకు చాలావరకూ కుక్కే నేర్పింది. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్క లాలాజల నాళాన్ని చెంప బయటికి తిప్పి, తిండి పెట్టినప్పుడు ఎన్ని చుక్కలు ఊరుతున్నాయో లెక్కపెట్టాడు. తిండి రాకముందే, తెచ్చే మనిషిని చూసినా, ఏదో చప్పుడు విన్నా లాలాజలం ఊరడం అక్కడే గమనించాడు. జీర్ణవ్యవస్థ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కంటికీ లాలాజలానికీ ఇంకో అపురూపమైన బంధం ఉంది. కన్నీళ్ళు పూర్తిగా ఎండిపోయి, సైక్లోస్పోరిన్ లాంటి మందుకు కూడా లొంగని కంటికి, సర్జన్లు చెవి దగ్గరి పరోటిడ్ గ్రంథి నాళాన్ని నోటి నుంచి విడదీసి కంటి అడుగుకు తెచ్చి కుడతారు. అప్పటి నుంచి కన్నీటికి బదులు లాలాజలం ఆ కంటిని తడుపుతుంది. అన్నం గిన్నె చూడగానే ఆ కుక్క కన్ను చెమరుస్తుంది. లాలాజలంలోని లవణాలు కంటి మీద పేరుకోవచ్చు కాబట్టి తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండాలి. అయినా చూపు పోవలసిన కుక్కకు చూపు నిలబెట్టే ఉపాయం అది.

ఇప్పుడు ఈ ప్రసంగంలో అన్నింటికంటే ముఖ్యమైన భాగానికి వచ్చాను. దయచేసి పక్కనున్న పిల్లలను కూడా పిలిచి వినమనండి.

కుక్క సొంగ కారుస్తోంది, మింగలేకపోతోంది, నోరు సరిగా మూయలేకపోతోంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టి వెతకడం మన ఇళ్ళలో మామూలు. ఆ పని ఎప్పుడూ చేయకండి. రేబిస్‌లో ఒక రకం సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. అందులో కుక్క సాధారణంగా మీదపడి కరవదు. కింది దవడ చచ్చుబడి నోరు వేలాడుతుంది, సొంగ కారుతుంది, గొంతు మారిపోతుంది, మూల చూసుకుని పడుకుంటుంది. చూసినవాళ్ళకు ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. రేబిస్ వైరస్ కాటు పడిన చోటు నుంచి నరాల వెంట మెదడుకు వెళ్తుంది. మెదడు నుంచి మళ్ళీ నరాల వెంటే లాలాజల గ్రంథులకు దిగుతుంది. ఇంతసేపూ మనం చెప్పుకున్న ఆ గ్రంథుల్లోనే పెరిగి సొంగలోకి వస్తుంది. అందుకే నోట్లో చెయ్యి పెట్టిన మనిషి చేతి మీద చిన్న గీత ఉన్నా ప్రమాదమే. లక్షణాలు కనిపించాక ఈ జబ్బు నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం. రాకుండా ఆపడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

గ్రంథి వాపులో వాపు ఒక పక్కనే కనిపించడం, కుక్క మనల్ని గుర్తుపట్టి మామూలుగానే మెలగడం తరచుగా చూస్తాం. అయితే ఆ తేడా ఇంట్లో తేల్చుకోవలసింది కాదు. కుక్కకు టీకాలు సక్రమంగా పడకపోయినా, ఈమధ్య ఏ కుక్కో కరిచినా, ప్రవర్తన మారినా, దాన్ని ఒక గదిలో ఒంటరిగా ఉంచి ముందు పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఆయన ఎలా తీసుకురమ్మంటే అలా తీసుకురండి. కరిచినా, పుండు మీద సొంగ పడినా, ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. కడిగి వెంటనే మనుషుల ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోండి. కుక్కను 10 రోజులు గమనించమంటారు కదా అని మీ టీకాను ఆపి కూర్చోవద్దు. పెంపుడు కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తర్వాత డాక్టరు రాసిన తేదీకి తప్పకుండా మళ్ళీ వేయించండి. ఏటా సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం జరుపుతారు. రేబిస్ టీకాను తయారుచేసిన లూయీ పాశ్చర్ కన్నుమూసిన రోజు అది.

ఇక ఇంట్లో ఏం చేయకూడదో గుర్తు పెట్టుకోండి. వాపు అనగానే సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం మనకు అలవాటు. కంటి దగ్గర సున్నం పెట్టనే పెట్టకండి. ఒక్క చుక్క లోపలికి జారితే కంటి పైపొర కాలిపోతుంది. పొరపాటున పడితే వెంటనే మంచినీళ్ళతో ఆపకుండా కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళండి. వాపును పిసికి చీము తీయబోకండి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేయకండి. కడుపులో పుండ్లు, కిడ్నీల చేటు, కాలేయం చేటు ఇవన్నీ ఆ ఒక్క మాత్రతో మొదలవగలవు. నొప్పి తగ్గించడానికి కుక్కలకు వేరే మందులున్నాయి, బరువు చూసి డాక్టరు ఇస్తారు.

ఏం చేయాలో కూడా చెబుతాను. వాపు కనిపించిన రోజే సెల్‌ఫోన్‌లో మూడు ఫొటోలు తీయండి. ఎదురుగా ఒకటి, వాచిన పక్క నుంచి ఒకటి, తల పైనుంచి ఒకటి. మర్నాడు మళ్ళీ తీయండి. వాపు ఎటు పెరుగుతోందో ఆ ఫొటోలు మాకు చెబుతాయి. కుక్క ఎప్పటి నుంచి సరిగా తినడం లేదు, ఏ పక్కన నములుతోంది, ఆవలించినప్పుడు అరిచిందా, నోరు కంపు కొడుతోందా, ఈమధ్య కర్రో ఎముకో నమిలిందా, ఏ మందులు వేశారు, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని టీకాల కార్డుతో పాటు తీసుకురండి. మందు వేసిన సంగతి దాచకండి. డాక్టరు మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగరు, దానికి తగ్గ వైద్యం చేయడానికి అడుగుతారు. మీ ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో స్కాన్ లేకపోయినా, నోరు చూడటానికీ కన్ను పరీక్షించడానికీ డాక్టరు ఉంటారు. ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఊళ్ళో డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్తే పని సులువవుతుంది.

వీధి కుక్కలకు ఈ జబ్బులు వస్తే చూసేవాళ్ళు తక్కువ. మీ వీధిలో రోజూ అన్నం పెట్టే కుక్క ఉన్నట్టుండి గిన్నె దగ్గరికి వచ్చి తినకుండా వెళ్ళిపోతోందంటే దాన్ని మీరు పట్టుకోవద్దు. పిల్లలను దూరంగా ఉంచి, పశువుల ఆసుపత్రికి గానీ జంతు సంక్షేమ సంస్థకు గానీ కబురు చేయండి. అది కూడా పెద్ద సాయమే.

కుక్క తన నొప్పిని దాచుకునే జంతువు. తినకపోవడం, తప్పుకోవడం, మూలన పడుకోవడం, ఇంతకు మించి చెప్పలేదు. దానితో పాటు ఉండే మనం ఆ మాత్రం గుర్తుపట్టి, మొదటి రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, కంటితో పాటు నోరు కూడా చూడమని అడిగితే చాలు. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం నయమయ్యేవే. చీము దిగిన మర్నాడో ఆ తర్వాతి రోజో కుక్క గిన్నె నాకి తోక ఊపడం మేము ఆసుపత్రిలో చూస్తూనే ఉంటాం. ఆలస్యం చేసి కన్ను పోగొట్టుకోవలసిన అవసరం ఏ కుక్కకూ లేదు. ఈ వారమే మీ కుక్క టీకాల కార్డు తీసి రేబిస్ తేదీ చూడండి. గడువు దాటి ఉంటే రేపే వేయించండి.